పాపాయి దారి తప్పిన చోటు

నిన్న మధ్యాహ్నం నుంచి ఏసమ్మ వంటింట్లో అడుగు పెట్టలేదు.

ఆ ఇంట్లో కోపం వస్తే అన్నం మానేసే అలవాటు చిట్టియ్య మాస్టారిది. ఆయన మానేస్తే ఎవరూ కంగారుపడరు. సాయంత్రానికి ఆకలేసి ఆయనే వచ్చి కంచం ముందు కూర్చుంటారు. ఏసమ్మ సంగతి వేరు. ఆవిడ అలగ్గా చూసినవాళ్ళు లేరు కాబట్టి, ఇప్పుడు ఎలా బతిమాలాలో ఎవరికీ తెలియదు. రాత్రి కొడుకు శ్యాంబాబు కొవ్వూరు బస్టాండు దగ్గర ఇడ్లీ పొట్లాలు కట్టించుకొచ్చాడు. పొద్దున కూతురు వినీల ఉప్మా చేసింది. ఉప్మాలో ఉప్పు రెండుసార్లు పడింది. ఆ మాట ఎవరూ పైకి అనలేదు. మామూలు రోజయితే ఆ ఉప్మా మీద మాస్టారు ఓ చిన్న ఉపన్యాసం ఇచ్చి ఉండేవారు.

ఏసమ్మ హాల్లో కుట్టుమిషను ముందు కూర్చుని దుప్పటి అంచు కుడుతోంది. ఆ దుప్పటి ఎక్కడా చిరగలేదు.

"కాస్త కాఫీ అయినా తాగమ్మా," అంది వినీల.

"మీ నాన్నగారు జవాబు చెప్పాక తాగుతాను."

చిట్టియ్య మాస్టారు వరండాలో పేపరు పట్టుకుని కూర్చున్నారు. మిషనరీ స్కూల్లో తెలుగు చెప్పి రిటైరైన మనిషి, లూథరన్ గుడిలో సంఘపెద్ద. గొంతు ఎత్తకుండానే నలుగురినీ కూర్చోబెట్టగల మనిషి. చాలాసేపటి నుంచి పేపరు ఆయన ముఖానికి అడ్డంగానే ఉంది. పేజీ మాత్రం తిరగలేదు.

"చెప్పానుగా ఏసమ్మా. సున్నం ఎవరైనా వేస్తారు. ఊళ్ళో సున్నం నా ఒక్కడికే దొరుకుతుందా?"

"సున్నం అందరికీ దొరుకుతుందండి. అందులో అంత నీలిమందు కలిపేది మీరొక్కరే."

పేపరు కదల్లేదు. కుట్టుమిషను మళ్ళీ మొదలైంది.

నిన్న జరిగింది చూస్తే చాలా చిన్న విషయం. శ్యాంబాబు, వినీల మేడ మీది గదిలో కూర్చుని ఒక వీడియో గేమ్ తయారు చేస్తున్నారు. గోదారి లంకల్లో పాపాయి అనే గౌను పిల్ల పడవ వేసుకుని తన ఇల్లు వెతుక్కుంటూ తిరిగే ఆట అది. ఊళ్ళు, రేవులు, చెట్లు, గుళ్ళు కట్టేది శ్యాంబాబు. కథ రాసేది వినీల.

వినీల రాస్తోందన్న మాటే గానీ, కథ అసలు మాస్టారిది. పిల్లల చిన్నప్పుడు వేసవిలో కరెంటు పోయినప్పుడల్లా అరుగు మీద కూర్చోబెట్టి చెప్పేవారు. పాపాయి రేవులో పడవ ఎక్కుతుంది, రోజుకో లంకలో దిగుతుంది. ఆ కథ ఆయన ఎప్పుడూ పూర్తి చేయలేదు. ఇల్లు దగ్గరపడే వేళకి "మిగతాది రేపు" అని లేచి లోపలికి వెళ్ళిపోయేవారు. ఆ రేపు ఏమవుతుందో రాయలేక వినీల ఇప్పటికీ తల పట్టుకుంటోంది.

ఆటలో పాపాయి ఎంత పొడుగుండాలని శ్యాంబాబు అడిగిన రోజున మాస్టారు హాలు గుమ్మం దగ్గర నిలబడి ఉన్నారు. ఆలోచించకుండా అరచెయ్యి చాపి గుమ్మానికి ఆనించి, "ఇంత" అన్నారు. శ్యాంబాబు అక్కడే పెన్సిలుతో గీత పెట్టి టేపుతో కొలుచుకున్నాడు. ఆ గీత ఇంకా గుమ్మం మీద ఉంది.

ఆట సగం అయ్యాక కొత్తవాళ్ళ చేతికిచ్చి ఆడించి చూడాలి. తయారు చేసినవాళ్ళు వెనకాల నిలబడి చూడాలే గానీ నోరు మెదపకూడదు. నిన్న అలాగే కంట్రోలర్ అమ్మ చేతికిచ్చారు. పడవ తాత "ఇటు రా పాపాయీ, మీ ఇల్లు ఇటే" అని ఎంత పిలిచినా ఏసమ్మ వినలేదు. మొదట గట్టు వెంట పోయి కొబ్బరి చెట్లు చూసింది. కళ్ళజోడు తుడుచుకోవడానికి కంట్రోలర్ ఒళ్ళో పెట్టుకుంటే పాపాయి ఆవలించి పడవలోనే పడుకుంది. ఎవరూ మీటలు నొక్కకపోతే పాపాయికి నిద్ర వస్తుంది. అది శ్యాంబాబు పెట్టిన ముచ్చట. "అయ్యో, పిల్ల పడుకుందిరా, లేపకండి," అని ఏసమ్మ కాసేపు నిజంగానే ఆగింది. పిల్లలిద్దరూ నవ్వు ఆపుకోలేకపోయారు.

తర్వాత ఆవిడ గుడి కనిపెట్టింది. గుడి వెనక సమాధుల తోట కనిపెట్టింది.

"మన లంకేనా ఇది? మనవాళ్ళ సమాధులు పెట్టావా శ్యామూ?"

శ్యాంబాబు జవాబు చెప్పకూడదు కాబట్టి చెప్పలేదు. పెట్టాడు మరి. మాస్టారి సొంత ఊరయిన లంకలో, పోయిన ఈస్టర్ రోజున ప్రతి సమాధికీ నాలుగు వైపులా ఫోటోలు తీసి, టేపుతో కొలిచి, ఉన్నది ఉన్నట్టు కట్టాడు. ఈస్టర్ ముందురోజు ఎవరి సమాధులకి వాళ్ళు సున్నం వేసుకుంటారు, తెల్లారగట్ల పువ్వులు పెట్టి కొవ్వొత్తులు వెలిగిస్తారు. ఒకరి సమాధికి ఇంకొకరు సున్నం వేయరు. వేస్తే ఆ చనిపోయినవాళ్ళకి నా అన్నవాళ్ళు లేరని చెప్పినట్టవుతుంది, అది పెద్ద తగువు. మాస్టారు సున్నంలో నీలిమందు చెయ్యి జారినట్టు పోస్తారు. అందుకే ఆ తోటలో వాళ్ళ వరస ఒక్కటే లేత నీలంగా మెరుస్తుంది. ఊళ్ళోవాళ్ళు ఆ వరసని "మాస్టారి లైను" అని ఎగతాళి చేస్తారు.

ఏసమ్మ పాపాయిని ఆ వరస పొడుగునా నడిపించింది. మామగారు, అత్తగారు, చిన్నమామగారు. అక్కడితో ఆగకుండా చింతచెట్టు దాటి, ముళ్ళపొదల వెనక గోడ దాకా తీసుకెళ్ళింది.

గోడ వారన ఒక చిన్న సమాధి ఉంది. దాని మీద పేరు లేదు. లేత నీలంగా మెరుస్తోంది.

అప్పుడే కిందికి దిగి, అదెవరిదని భర్తని అడిగి, మిషను దగ్గరికి వచ్చి కూర్చుంది ఆవిడ. ఇప్పటిదాకా లేవలేదు.

*

మేడ మీది గదిలో శ్యాంబాబు కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నాడు. వినీల తలుపు వేసి దానికి వీపు ఆనించింది.

"పొద్దున్నే నాన్నగారు నా దగ్గరికొచ్చారు అన్నయ్యా. సమాధుల తోట గేటు మూసెయ్యమన్నారు."

"నీకు కావలసింది అదేగా. రెండు నెలల నుంచి దాని మీదే దెబ్బలాడుతున్నావు."

అది నిజమే. ఆట విడుదల చేస్తామన్న హైదరాబాదు కంపెనీలో లోకనాథ్ గారు ఫోన్ చేసిన దగ్గర్నుంచీ అన్నాచెల్లెళ్ళ మధ్య ఆ గేటు ఒక్కటే గొడవ. ఆడి చూసినవాళ్ళలో సగం మంది పాపాయి ఇల్లు వెతకడం మానేసి రెండో లంకలో జామకాయలు కోసుకుంటూ ఉండిపోయారని ఆయన వాపోయారు. సమాధుల తోట గేటు ఆట మూడో భాగం దాకా మూసి ఉంచాలని వినీల అంటుంది. పాపాయి మీద ప్రేమ కలిగాకే ఆ సమాధుల మధ్యకి రావాలి, ముందే వస్తే అవి ఉత్త రాళ్ళని ఆమె వాదన. తిరగనివ్వకపోతే లంక ఎందుకు కట్టినట్టని శ్యాంబాబు అంటాడు. "అందరినీ చెయ్యి పట్టుకుని నడిపిస్తే అది ఆట కాదే, సినిమా" అని అతను, "చెయ్యి వదిలేస్తే అది ఆట కాదు, తప్పిపోవడం" అని ఆమె. ఈ రెండు మాటల మీదే నెలలు గడిచాయి.

"మొదట నేనూ సంతోషించాను," అంది వినీల. "పోనీ, ఈ ఇంట్లో ఒక్కళ్ళయినా నా పక్షాన ఉన్నారనుకున్నా. తర్వాత అనుమానం వచ్చింది. నాన్నగారు మన ఆట ఎప్పుడైనా పట్టించుకున్నారా? ‘ఆ బొమ్మలాట’ అనే కదా అనేది. ఇవాళ వచ్చి గేటు అంటారు, చింతచెట్టు అంటారు. చివర్లో చేతులు వెనక్కి కట్టుకుని, ‘ఆ చిన్నది కూడా తీసెయ్యమ్మా, బాగోలేదు’ అన్నారు."

"చిన్నది అన్నారా?"

"సమాధి అని కూడా అనలేదు. చిన్నది అన్నారు."

శ్యాంబాబు మౌస్ మీద చెయ్యి పెట్టాడు. "సరే. తీసేస్తాను. ఒక్క నొక్కుతో పోతుంది."

వినీల నమ్మలేనట్టు చూసింది. "నువ్వా? రేవులో మెట్టు ఒకటి తగ్గించమంటే నాతో వారం మాట్లాడలేదు నువ్వు."

"అమ్మ అన్నం తినట్లేదే. అమ్మ కంటే రాయి ఎక్కువా నాకు?"

"ఆటలో తీసేస్తావు. లంకలో ఉన్నదాన్ని ఏం చేస్తావు?"

అతను మౌస్ మీద నుంచి చెయ్యి తీసి మెడ రుద్దుకున్నాడు.

"ఏంటి అన్నయ్యా? ఏదో దాస్తున్నావు."

"దాచడం కాదు. అప్పుడు పట్టించుకోలేదు, నిన్నటి నుంచి అదే గుర్తొస్తోంది." అతను గొంతు తగ్గించాడు. "ఫోటోలు తీయడానికి వెళ్ళినప్పుడు నాన్నగారు నాతోనే ఉన్నారు. గోడ వైపు వెళ్తుంటే చెయ్యి పట్టుకుని లాగారు. ముళ్ళున్నాయిరా, పాములుంటాయి, అటెళ్ళకు అన్నారు. ఆయన గుడిలోకి వెళ్ళాక నేను వెళ్ళి తీసుకున్నా. అక్కడ ముళ్ళు కొట్టేసి, నడిచిన బాట ఉంది."

"సున్నం కొత్తగా ఉందా?"

"వేలికి అంటుకుంది."

కింద కుట్టుమిషను తిరుగుతూనే ఉంది. వినీలకి తండ్రి మీద జాలి వేసింది. జాలి వేసినందుకు తల్లి పట్ల నేరం చేసినట్టు కూడా అనిపించింది.

"నాన్నగారికి ఇంకో సంసారం ఉందంటావా?" అంది చివరికి, ఆ మాట తన నోటి నుంచి వచ్చినందుకు తనే సిగ్గుపడుతూ.

"నోరు ముయ్యి," అన్నాడు శ్యాంబాబు. కానీ లేదని అనలేదు.

*

మధ్యాహ్నం నలుగురూ హాల్లోనే ఉన్నారు, ఎవరి మూల వారిది. బల్ల మీద హోటలు సాంబారు చల్లారిపోయింది.

"నాన్నగారూ, ఒక్క మాట," అన్నాడు శ్యాంబాబు. "గోడ వైపు పాములుంటాయన్నారు కదా. మరి సున్నం వేయడానికి మీరెలా వెళ్ళారండి?"

మిషను ఆగింది.

మాస్టారు పేపరు మడిచారు. ఇంకోసారి మడిచారు. కొడుకు వైపు గానీ భార్య వైపు గానీ చూడకుండా, మిషను మీద ఉన్న దుప్పటి వైపు చూస్తూ మొదలుపెట్టారు.

"మొదటి కాన్పు గుర్తుందా ఏసమ్మా?"

ఏసమ్మ చెయ్యి మిషను చక్రం మీదే ఉండిపోయింది. శ్యాంబాబు కంటే ముందు రాజమండ్రి ఆసుపత్రిలో ఒక ఆడపిల్ల పుట్టి పుట్టగానే పోయిందని పిల్లలిద్దరికీ తెలుసు. ఆ ఇంట్లో దాని గురించి మాట్లాడుకోరు.

"నాకు బిడ్డని చూపించలేదు," అంది ఏసమ్మ. "ఆసుపత్రి వాళ్ళే చూసుకుంటారని చెప్పారు మీరు."

"అబద్ధం చెప్పాను. నీకు ఒళ్ళు తెలియని జ్వరం. వాళ్ళు ఇమ్మన్నారు, నేను ఇవ్వలేదు. తువ్వాలులో చుట్టుకుని రేవుకి వెళ్ళి పడవ ఎక్కాను. పడవలో నా పక్కన కూర్చున్న ఆవిడ ‘పాప నిద్రపోతోందా అండీ’ అని అడిగింది. ఆయ్, అన్నాను." మాస్టారు గొంతు సవరించుకున్నారు. "లంక గుడిలో అప్పటి పాస్టరు అయ్యగారు ఒప్పుకోలేదు. బాప్తిస్మం కాని బిడ్డని మనవాళ్ళ వరసలో పెట్టడానికి లేదన్నారు. కాళ్ళు పట్టుకుంటే గోడ వారన చోటిచ్చారు. నీకు చెబితే ఇంక నువ్వు అక్కడి నుంచి లేవవు, నాకు తెలుసు. అందుకని చెప్పలేదు. ఏటా సున్నం మాత్రం వేసుకుంటున్నా."

ముందు వినీల ఏడ్చింది. తర్వాత శ్యాంబాబు లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి ముఖం అటు తిప్పుకున్నాడు. ఏసమ్మ మాత్రం భర్తనే చూస్తూ ఉంది. చాలాసేపటికి లేచి ఆయన దగ్గరికి వెళ్ళి భుజం మీద చెయ్యి వేసింది.

"ఇన్నేళ్ళూ ఒక్కరే మోశారా అండీ," అంది. "నాకు చెబితే నేనూ మోసేదాన్ని కదా."

మాస్టారు తల దించుకున్నారు.

పావుగంటలో వంటింట్లో పోపు వాసన వచ్చింది. హోటలు సాంబారు పెరట్లోకి పోయింది. బీరకాయ కూర, మిరియాల చారు, వేయించిన వడియాలు బల్ల మీదికి వచ్చాయి. ఏసమ్మ మొదట భర్తకే వడ్డించింది. "నిన్నటి నుంచి సరిగ్గా తినలేదు పాపం," అని నెయ్యి ఇంకాస్త వేసింది. నిన్నటి నుంచి అసలు ఏమీ తిననిది తనే అన్న సంగతి ఆవిడకి గుర్తు రాలేదు.

భోజనాలయ్యాక వినీల అన్నయ్య వెనకే మేడ ఎక్కింది. ఆమె కళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి గానీ, వేళ్ళు మాత్రం ఊరికే ఉండటం లేదు.

"గేటు ముయ్యకు అన్నయ్యా. సమాధి తీయకు. నాకు ముగింపు దొరికింది. పాపాయి ఇల్లు వెతుక్కుంటూ వచ్చి చూసేది అదే. తోవలో ఎవరూ చెప్పకూడదు, బాణం గుర్తు పెట్టకూడదు. ఆడేవాళ్ళు తమంతట తామే తిరుగుతూ తిరుగుతూ అక్కడికి రావాలి."

"అంటే నేను గెలిచినట్టేనా?"

"ఇందులో గెలుపేంటి అన్నయ్యా, మన అక్క," అంది వినీల.

ల్యాప్‌టాప్ తెరిచి రాయడానికి కూర్చుంది. నాలుగు వాక్యాలు గబగబా వచ్చాయి. అయిదో వాక్యం దగ్గర ఆగిపోయింది.

తువ్వాలు. పడవలో పక్కన కూర్చున్న ఆవిడ. కాళ్ళు పట్టుకుంటే కరిగిన అయ్యగారు. ఎక్కడ ఏడవాలో అక్కడ ఏడిపించి, ఎక్కడ ఆపాలో అక్కడ ఆపారు నాన్నగారు. తనే రాసి ఉంటే అందులో ఒక్క ముక్క మార్చేది కాదు. చిన్నప్పటి నుంచి ఆయన నోటి వెంట ఎన్నో కథలు విన్నది. పాపాయి కథలో అన్నీ అతుకులే ఉండేవి. మధ్యలో తడబడేవారు, నిన్న చెప్పిన లంక ఇవాళ మరిచిపోయేవారు, చివరికి చెప్పకుండా లేచిపోయేవారు. ఈ కథ ఒక్కటే ఎక్కడా తడబడకుండా చివరిదాకా చెప్పారు.

నిజం చెప్పేవాళ్ళు అంత చక్కగా చెప్పగలరా?

ఆ ఆలోచన వచ్చినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. ల్యాప్‌టాప్ మూసేసింది. ఇప్పుడే నవ్విన ఇంట్లో మళ్ళీ నిప్పు పెట్టేది తను కాదనుకుంది.

*

సాయంత్రం దీపాలు పెట్టే వేళకి ఏసమ్మ స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని మెట్లెక్కి వచ్చింది. ఆవిడ వెనకాలే మాస్టారూ వచ్చారు.

"శ్యామూ, నా పిల్లని ఒక్కసారి చూపించరా."

"ఎందుకు ఏసమ్మా ఇప్పుడు," అన్నారు మాస్టారు వెంటనే. "ఆదివారం వెళ్దాంగా. నేనే తీసుకెళ్తాను. ఈ తెర మీద చూస్తే కళ్ళు నొప్పులు తప్ప ఏముంది?"

"ఆదివారమూ వెళ్దామండి. ఇప్పుడూ చూస్తాను."

"పిల్లాడి పని పాడు చేయడం దేనికని..."

"పనేం లేదు నాన్నగారూ," అన్నాడు శ్యాంబాబు. కుర్చీ తల్లికిచ్చి కంట్రోలర్ చేతికందించాడు.

ఈసారి ఆవిడ కొబ్బరి చెట్లు చూడలేదు. పడవ తాత పిలిచినా ఆగలేదు. రేవు, గుడి, గేటు, చింతచెట్టు, ముళ్ళపొదలు, అన్నీ తెలిసిన దారిలా దాటేసింది. గోడ వారన నీలం సమాధి పక్కన పాపాయిని నిలబెట్టింది. కంట్రోలర్ ఒళ్ళో పెట్టుకుని, చీర కొంగు తల మీదికి లాక్కుని, కళ్ళు మూసుకుంది.

ప్రార్థన పైకి చేయలేదు. పెదవులు మాత్రం కదులుతున్నాయి. పిల్లలిద్దరూ తలలు వంచారు. మాస్టారు తలుపు దగ్గరే నిలబడిపోయారు. పుట్టిన నాడే పోయిన బిడ్డకి ఒక తల్లి చెప్పుకోవలసినవి చాలా ఉంటాయి. ప్రార్థన తొందరగా అవలేదు.

తెర మీద పాపాయి ఆవలించింది.

వినీల తల వంచుకునే ఓరగా చూసింది. ఎవరూ మీటలు నొక్కటం లేదు కాబట్టి పాపాయి కళ్ళు నులుముకుంది. సమాధి పక్కన కూర్చుంది. గౌను మోకాళ్ళ మీదికి సర్దుకుంది. మెల్లగా వెనక్కి వాలి, సమాధిని ఆనుకుని నేల మీద పడుకుంది.

పిల్ల తల సమాధి తలవైపు అంచుకి సరిగ్గా వచ్చింది. కాళ్ళు అవతలి అంచుకి సరిగ్గా వచ్చాయి.

వినీల శ్యాంబాబు చెయ్యి పట్టుకుంది. అతను అప్పటికే చూస్తున్నాడు.

"కొలత తప్పేమో," అన్నాడు గుసగుసగా.

"నువ్వు కొలత తప్పుతావా?"

అతను తప్పడు. అతని గొప్పంతా అదే.

"ఆమెన్," అంది ఏసమ్మ. కళ్ళు తుడుచుకుని తెర వైపు చూసి, తడి గొంతుతోనే నవ్వింది. "అయ్యో, పిల్ల పడుకుంది." ఆ నవ్వు ఒక్క క్షణం ముఖం మీద నిలిచింది. తర్వాత పాపాయి తల నుంచి కాళ్ళ దాకా ఆవిడ చూపు నెమ్మదిగా నడిచింది. మళ్ళీ కాళ్ళ నుంచి తల దాకా వచ్చింది.

"ఏవండీ," అంది, తెర మీద నుంచి కళ్ళు తిప్పకుండా. "తువ్వాలులో చుట్టుకెళ్ళిన బిడ్డకి ఇంత సమాధి ఎందుకండీ?"

"అది... తాపీవాళ్ళు కట్టినది. వాళ్ళకేం తెలుసు. ఒక కొలత అని..."

"గోడ వారన చోటివ్వడానికే కాళ్ళు పట్టుకోవలసి వచ్చిందన్నారు. ఇంత చోటు ఇచ్చారా?"

మధ్యాహ్నం అంత చక్కగా కథ చెప్పిన మనిషి తలుపు చెక్క పట్టుకుని నిలబడ్డారు.

వినీల గబగబా మెట్లు దిగి, హాలు గుమ్మం దగ్గరికి వెళ్ళింది. పెన్సిలు గీత ఉన్నచోట అరచెయ్యి పెట్టి చూసింది. అక్కడ ఒక పిల్ల నిలబడి ఉంటే ఆ పిల్ల జుట్టు తన చేతికి తగిలేది. తండ్రి ఆ రోజు ఆలోచించలేదు. లెక్క వేయలేదు. ఏళ్ళ తరబడి తెలిసిన తల మీద చెయ్యి వేసినట్టు వేశారు.

ఆమె మళ్ళీ పైకి వచ్చేసరికి గదిలో ఎవరూ ఉన్నచోటి నుంచి కదల్లేదు.

"నాన్నగారూ, పాపాయి ఎంత పొడుగుంటుందని అన్నయ్య అడిగితే ఠక్కున చెయ్యి చూపించారు. అప్పుడు మీకు ఎవరు గుర్తొచ్చారండి?"

మాస్టారు కూతురి మాట విన్నట్టు లేదు. ఆయన చూపు తెర మీదే ఉంది. తెర మీద లంకలో పొద్దుగూకుతోంది. గోదారి మీద నుంచి గాలి వీస్తున్నట్టు చింతచెట్టు నీడ కదులుతోంది. గౌను పిల్ల సమాధిని ఆనుకుని ముడుచుకుని పడుకుంది.

"లేపండి," అన్నారు మాస్టారు. ఆ గొంతు పిల్లలు ఎప్పుడూ వినలేదు. "ముందు ఆ పిల్లని లేపండి. నేలంతా తడి. దానికి చలి పడదు. లేపు ఏసమ్మా, నీ కాళ్ళు పట్టుకుంటా, పాపాయిని లేపు."

ఏసమ్మ కంట్రోలర్ రెండు చేతులతో గుండెకి ఆనించుకుంది. ఆవిడ వేళ్ళు ఏ మీటనీ తాకలేదు.

"లేపను," అంది. "పాపాయి ఎవరో చెప్పండి, అప్పుడు లేపుతాను."